పదిహేనేళ్ళు దాచుకోదగ్గ టెక్ షేరు

దీర్ఘకాలానికి ఏ టెక్నాలజీ షేరు కొనాలో చెప్పలేని మనిషి ఈ దేశంలో లేడు. "1993లో ఇన్ఫోసిస్ 95 రూపాయలకి ఇష్యూకి వచ్చినప్పుడు ఓ వంద షేర్లు కొని పడేసుంటేనా..." అని మొదలుపెట్టే బాబాయి ప్రతి పెళ్ళి భోజనాల్లోనూ ఉంటాడు. జనానికి అమ్మకానికి పెట్టిన ఆ షేర్లకి అప్పట్లో సరిపడా దరఖాస్తులే రాలేదు. అంటే బాబాయి కూడా వెయ్యలేదు. ఆ ముక్క పెరుగన్నం దాకా వచ్చినా బయటికి రాదు.

కాబట్టి అదృష్టాల సంగతి వదిలేసి, శాస్త్రీయంగా మదింపు చేసినప్పుడు అన్ని సబ్జెక్టుల్లోనూ నూటికి నూరు తెచ్చుకున్న కంపెనీని ఆదర్శంగా తీసుకోవాలన్నది మా నిశ్చితాభిప్రాయం. అలాంటిది మన హైదరాబాద్‌లోనే ఉండేది. 1987లో పుట్టిన సాఫ్ట్‌వేర్ కంపెనీ, సత్యం కంప్యూటర్స్.

2008 చివర్లో దాని ప్రోగ్రెస్ కార్డు చూడండి. యాజమాన్యం ఎలాంటిదో ముందు చూడమంటారు నిపుణులు. ఆ సెప్టెంబరులోనే కార్పొరేట్ గవర్నెన్స్‌లో, అంటే కంపెనీని నిజాయితీగా నడిపే పద్ధతిలో, శ్రేష్ఠతకి గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. బోర్డులో పెద్దలెవరంటారా? ఒక హార్వర్డ్ ప్రొఫెసరు, పెంటియం చిప్ పితామహుడని పేరుపడ్డ ఇంజనీరు, హైదరాబాద్ బిజినెస్ స్కూలు ఐఎస్‌బీ డీన్. ఆ గదిలో టీ కప్పులు అందించడానికి కూడా పీహెచ్‌డీ అడిగేవారేమో. లెక్కలు తనిఖీ చేసే ఆడిటరు, ప్రపంచంలో పెద్ద పేరున్న ప్రైస్ వాటర్‌హౌస్. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టింగు. సమాజ సేవ కూడా కావాలా? 108 అంబులెన్సు సర్వీసు మొదలుపెట్టించిందీ ఛైర్మన్ రామలింగరాజు గారే. ఆ బండ్లు ఇప్పటికీ కూతలేస్తూ తిరుగుతూనే ఉన్నాయి, ఆ పుణ్యం ఆయన ఖాతాలో వెయ్యాల్సిందే.

ఆ ఖాతాలో సొమ్ము మాత్రం నిజం. మిగతా ఖాతాల సంగతికి వద్దాం.

పుస్తకాల ప్రకారం 2008 సెప్టెంబరు ఆఖరికి కంపెనీకి బ్యాంకుల్లో ఉన్న నగదు 5,361 కోట్లు. 2009 జనవరి 7న రాజు గారు బోర్డుకి ఉత్తరం రాస్తూ, అందులో 5,040 కోట్లు లేవన్నారు. ఆ త్రైమాసికంలో నిర్వహణ లాభం 649 కోట్లని చూపించాం, అసలు వచ్చింది 61 కోట్లన్నారు. మా మనసు దోచుకున్నది మాత్రం ఇంకో పద్దు. రావలసిన వడ్డీ 376 కోట్లు, అదీ లేదు. లేని డిపాజిట్ మీద వడ్డీ వేయకపోతే ఎవరికైనా అనుమానం వస్తుంది కదా! లేని సొమ్మైనా సరే, దాని బాగోగులు ఇంత శ్రద్ధగా చూసుకున్న యాజమాన్యం మరొకటి మాకు తారసపడలేదు.

ఇదంతా పులి మీద సవారీలా అయింది, దిగితే తినేస్తుందని భయమేసింది అని కూడా ఆ ఉత్తరంలో ఉంది. దిగడానికి వాళ్ళు చేసిన ఆఖరి ప్రయత్నం అంతకు మూడు వారాల ముందు, డిసెంబరు 16న జరిగింది. ఛైర్మన్ కుటుంబానికే చెందిన, భూములూ నిర్మాణాల వ్యాపారం చేసే రెండు మేటాస్ కంపెనీల్ని 160 కోట్ల డాలర్లకి కొందామన్నారు. లేని నగదిచ్చి ఉన్న భూములు తెచ్చుకోవడమన్నమాట. పై పెద్దలంతా చర్చించి ఏకగ్రీవంగా సరేనన్నారు. కార్పొరేట్ గవర్నెన్స్ చదవనివాళ్ళు, అంటే మామూలు వాటాదారులు, గోల పెట్టడంతో గంటల్లోనే వెనక్కి తగ్గారు.

ఏ పల్లెలోనైనా పదో తారీఖు లోపు బ్యాంకుకి వెళ్ళి చూడండి. పెన్షన్ పడిందో లేదో చూసుకోవడానికి ఒక ముసలమ్మ ప్లాస్టిక్ కవర్లోంచి పాస్‌బుక్ తీసి కౌంటర్లోకి తోస్తుంది. "సర్వర్ డౌన్, రేపు రా" అంటే కదలదు. మెషీన్ కిర్రుమని ఎంట్రీ కొట్టాక, పక్కనున్న కుర్రాడి చేత చివరి అంకె చదివించుకుంటుంది, మళ్ళీ ఇంకొకడి చేత చదివించుకుంటుంది. దీన్నే ఆడిట్ అంటారు. సత్యం ఆడిటర్లు మాత్రం బ్యాలెన్సుల గురించి బ్యాంకుల్ని నేరుగా అడగకుండా ఆ పని కంపెనీ చేతికే వదిలేశారని అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2011లో తప్పుపట్టింది. ముసలమ్మ ఫీజు తీసుకోదు కాబట్టి ఆమె పద్ధతికి అంతర్జాతీయ గుర్తింపు లేదు.

ఇప్పటి విశ్లేషకులు చాలా ముందుకెళ్ళారు. అవార్డులు, బోర్డులో పేర్లు, నగదు నిల్వలతో పాటు ప్రజెంటేషన్‌లో ఏఐ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో కూడా లెక్కపెడుతున్నారు.

ఇక అసలు ప్రశ్న: కొని ఉంచుకుంటే ఏమొచ్చేది? ఉత్తరం రావడానికి ముందురోజు ఒక దూరదృష్టిపరుడు 179 రూపాయల చొప్పున 17 షేర్లు కొన్నాడనుకుందాం. మొత్తం 3,043 రూపాయలు. మర్నాడు షేరు 40 కిందికి పోయింది. ఆయన దీర్ఘకాలిక ఇన్వెస్టరు కాబట్టి, అంటే షేర్లు దాచే డీమ్యాట్ ఖాతా పాస్‌వర్డు మర్చిపోయాడు కాబట్టి, అమ్మలేదు. 2009 ఏప్రిల్‌లో సత్యాన్ని వేలంలో టెక్ మహీంద్రా అనే మరో ఐటీ కంపెనీ గెలుచుకుంది. 2013 విలీనంలో 17 షేర్లకి 2 టెక్ మహీంద్రా షేర్లిచ్చారు. 2015లో బోనస్ (ఉచితంగా ఇచ్చే షేరు), స్ప్లిట్ (ఒక షేరుని రెండుగా విడగొట్టడం) కలిసి ఆ రెండూ ఎనిమిదయ్యాయి. 2024 మొదట్లో ఒక్కోటి 1,250 అటూ ఇటూ ఉంది. వెరసి 10,000.

అదే 3,043 రూపాయల్ని 8 శాతం వడ్డీకి నిజమైన బ్యాంకులో, నిజమైన ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసుంటే పదిహేనేళ్ళకి 9,650 వచ్చేది. కాబట్టి షేరుదే గెలుపు, 350 రూపాయల తేడాతో. మధ్యలో డివిడెండ్లు కూడా వచ్చాయి. అయితే డీమ్యాట్ ఖాతాకి ఏటా కట్టే చార్జీలు ఈ లెక్కలో కలపలేదు. కలుపుదామని కాలిక్యులేటర్ తీసేసరికి మా దూరదృష్టిపరుడు వద్దన్నాడు.