ఉప్పుగాలిలో నిలబడ్డ బండి

అమెరికా నుంచి సెలవులకు విశాఖ వెళ్లినప్పుడు అరకు, లంబసింగి తిరగడానికి ఇంటిదగ్గర ఒక పాత టూరింగ్ బండి ఉంటే బాగుంటుందని మనలో చాలామంది అనుకుంటారు. వెతకడం మొదలుపెట్టగానే ఇలాంటి బేరమే ఊరిస్తుంది: 2013 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ మోటార్‌సైకిల్, ఒకటే ఓనరు, తిరిగింది 12 వేల కిలోమీటర్లు, ఎప్పుడూ కవరు కప్పే ఉంచారు. మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. విశాఖలో ఆ బండి కంటే, 60 వేలు తిరిగినా సర్వీసు బిల్లులున్న, రోజూ రోడ్డెక్కే బండే మేలు.

కారణం సముద్రం. రుషికొండ వైపో బీచ్ రోడ్డు పక్కనో ఏళ్లతరబడి నిలిచిన బండిని ఉప్పుగాలి తినేస్తుంది. కవరు కప్పితే తేమ లోపలే చిక్కుకుంటుంది. అందుకే స్టార్టు చేయకముందే టార్చి తీయండి. ట్యాంకు మూత తెరిచి అడుగు చూడండి. ఎర్రగా ఉంటే ఆ తుప్పు పొడి ఇంజిన్‌కు పెట్రోలు అందించే కార్బురేటర్ జెట్లలోకో ఇంజెక్టర్‌లోకో దిగుతుంది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి కదలని బండికి ఈ బెడద మరీ ఎక్కువ.

తర్వాత ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు గొట్టాలు. ఆయిలు కారకుండా ఆపే రబ్బరు సీలుకు కాస్త పైన గోటితో మెల్లగా గీరండి. గోటికి గుంటలు తగిలితే కొత్త సీళ్లు వేసినా లాభం లేదు. గుంట అంచే సీలును కోసేస్తుంది, ఆయిలు మళ్లీ కారుతుంది, చివరికి గొట్టాలే మార్చాలి. సీటు తీసి వైరు కనెక్టర్లు ఒకటి రెండు విప్పండి. పచ్చగా చిలుము పట్టి ఉంటే ఆ బండి వద్దు. వైరింగ్ రోగం ఒకచోట కుదిరితే ఇంకోచోట లేస్తుంది. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2217 అంటే 2017లో 22వ వారం తయారీ. ఆరేళ్లు దాటితే గాట్లు ఎంత లోతుగా ఉన్నా టైరు మార్చాల్సిందే.

మెయిన్ స్టాండు వేసి, ముందు చక్రం గాలిలోకి లేచేలా వెనక ఒకరిని నొక్కమని, హ్యాండిల్ నెమ్మదిగా తిప్పండి. సరిగ్గా మధ్యలో పట్టేసినట్టుంటే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) పోయింది. చైనును వెనక స్ప్రాకెట్ (పళ్ల చక్రం) చివర పట్టుకుని లాగండి. సగం పన్ను బయటపడితే చైను, స్ప్రాకెట్లు కలిపి సెట్టంతా మార్చాలి.

మీరు వెళ్లేసరికి ఇంజిన్ వెచ్చగా ఉంటే మర్నాడు పొద్దున్నే వస్తామని చెప్పి తిరిగి వచ్చేయండి. వెచ్చటి ఇంజిన్ దాచేసే లోపాలు చల్లటి ఇంజిన్‌లో బయటపడతాయి. నడిపి చూడటానికి సింహాచలం కొండ రోడ్డు మంచిది. దిగేటప్పుడు యాక్సిలేటర్ పూర్తిగా వదిలేసి, కిందికి వచ్చాక ఒక్కసారి ఇవ్వండి. వెనక వచ్చే స్నేహితుడికి ఒక్క గుప్పెడు నీలం పొగ కనిపిస్తే వాల్వు సీళ్లు అరిగినట్టు. ఎక్కేటప్పుడు కూడా ఆగకుండా నీలం పొగే అయితే ఇంజిన్ లోపల పిస్టన్ రింగులు, బోరు పని ఉంది. ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి.

కాగితాల్లో ఛాసిస్ నంబరు ఆర్‌సితో సరిపోవాలి, బండి పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద అమ్మేవారి సంతకాలుండాలి, లోను మీద కొన్నదైతే లోను తీరిందని చూపే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసి (అభ్యంతరం లేదన్న పత్రం) ఉండాలి. తెలంగాణ నంబరైతే ఆర్టీఓ ఎన్‌ఓసితో పాటు ఇక్కడ మళ్లీ పన్ను కట్టాలి. 2013 బండికి 2028లో 15 ఏళ్లు నిండుతాయి. ఆపైన ఫిట్‌నెస్ చేయించి రెన్యువల్ చేసుకోవాలి. ఇంకోమాట: మీ అమెరికా లైసెన్సులో మోటార్‌సైకిల్ క్లాసు లేకపోతే ఇంటర్నేషనల్ పర్మిట్ ఉన్నా బండి నడపడం చెల్లదు.

ధరలో మూడోవంతు టైర్లకు, బ్యాటరీకి, చైన్ సెట్‌కు విడిగా పెట్టుకోండి. అన్నిటికంటే ముందు, మీరు తిరిగి వెళ్లాక ఆ బండిని వారానికి ఒకసారైనా పెందుర్తి దాకా తిప్పుకొచ్చే తమ్ముడో బావమరిదో ఉన్నారా చూసుకోండి. లేకపోతే కొనకండి, అరకుకు అద్దె బండి మీద వెళ్లండి.