తలసరి చూస్తే లెక్క మారుతుంది

వ్యవసాయ ఉద్గారాల్లో, అంటే సాగు, పశువుల నుంచి వెలువడి భూమిని వేడెక్కించే వాయువుల్లో, భారత్‌ను మొదటి వరుస దేశాల్లో చూపించారు నేను చదివిన ఒక వ్యాసంలో. మొత్తం లెక్క అంతే, కాదనను. కానీ 140 కోట్ల మందికి పంచి చూడండి. న్యూజిలాండ్ జనాభా 50 లక్షల పైచిలుకే, ఆ దేశ ఉద్గారాల్లో దాదాపు సగం పశువులు, పొలాల నుంచే. బ్రెజిల్‌లో పశువుల మేత బీళ్ల కోసం అడవి నరికితే అదంతా వ్యవసాయం కింద కాక, భూ వినియోగం అనే వేరే ఖాతాలో పడుతుంది. తలసరిన ఈ రెండు దేశాలూ మనకంటే చాలా పైన ఉంటాయి.

అలాగని మా నెల్లూరు వాళ్లం చేతులు దులుపుకోలేం. కోవూరు వైపు నీళ్లు నిలిచిన వరి మడిలో కాలు పెడితే బురదలోంచి బుడగలు లేస్తాయి. గాలి అందని ఆ బురదలో సూక్ష్మజీవులు తయారుచేసే మీథేన్ ఉంటుంది వాటిలో. వందేళ్ల లెక్కన అదే బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు వేడెక్కిస్తుంది. మడిని మధ్యమధ్యలో ఆరబెట్టి మళ్లీ తడిపితే మీథేన్ బాగా తగ్గుతుంది. అప్పుడు యూరియా ఎక్కువైతే నైట్రస్ ఆక్సైడ్ అనే మరో వేడెక్కించే వాయువు పెరుగుతుంది, అదీ చూసుకోవాలి. కానీ కాలవ చివరి రైతు మడి ఎలా ఆరబెడతాడండీ? మళ్లీ తడి అందుతుందన్న నమ్మకం ముందు ఇవ్వాలి.

ఇంకో మాట. ప్రపంచంలో బియ్యం అందరికంటే ఎక్కువ ఎగుమతి చేసేది మనమే. అన్నం తినేది వేరే దేశం, మీథేన్ మన ఖాతాలో. తిన్నవాళ్ల లెక్కన కూడా ఒక పట్టిక వేయండి.