పదో తరగతి ఇంగ్లీషు: పిల్లల చేత ఉత్తరాలు బట్టీ పట్టించడం ఇకనైనా మానుకోవాలి

సంక్రాంతి సెలవులు ముగిసి బడులు తెరిచింది మొదలు పదో తరగతి పిల్లల ఫోన్లలోకి, వారి తల్లిదండ్రుల ఫోన్లలోకి ఇంగ్లీషు పరీక్ష పీడీఎఫ్‌లు వరుసగా వచ్చి పడుతుంటాయి. స్నేహితుడికి పండుగ సెలవుల గురించి ఒక ఉత్తరం, మున్సిపల్ కమిషనర్‌కు దోమల బెడద గురించి మరొకటి, పత్రికా సంపాదకుడికి రోడ్డు ప్రమాదాల గురించి ఇంకొకటి, ఒకటి రెండు డైరీలు, సంభాషణలు, ఎవరో ఒక ప్రముఖుడి జీవిత చిత్రణ. ఇవి నోటికి వస్తే రచనా విభాగంలో మార్కులు ఖాయమన్న హామీ కూడా వాటి మీదే ఉంటుంది. ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు బోధించే వ్యక్తిగా నేను ఈ పద్ధతిని పూర్తిగా వ్యతిరేకిస్తున్నాను. దీనివల్ల పిల్లలకు రాయడం రాదని అందరమూ ఒప్పుకుంటాం. ఆశ పెట్టిన ఆ మార్కులు కూడా రావని మాత్రం ఎవరూ పైకి అనరు.

రాష్ట్రం విడిపోయిన 2014-15 విద్యా సంవత్సరంలో రెండు వైపులా పదో తరగతికి కొత్త ఇంగ్లీషు పుస్తకం వచ్చింది, ఆ మార్పులో భాగంగా పరీక్షా విధానమూ మారుతూ వచ్చింది. పాఠం చివరి ప్రశ్నలకు జవాబులు అప్పజెప్పడం తగ్గించి, పాఠంలోని ఒక సందర్భాన్ని పట్టుకుని పిల్లలు సొంతంగా సంభాషణో డైరీయో ఉత్తరమో రాయగలగాలన్నది ఆ మార్పు ఉద్దేశం. మేము వీటిని డిస్కోర్సులు అంటాం. ఉద్దేశం ఎంతో మంచిది. అయితే కొద్ది కాలంలోనే గైడ్లు ఆ డిస్కోర్సులను కూడా తయారుగా అచ్చువేసి అమ్మడం మొదలుపెట్టాయి. మనం వాటిని కొని, సొంతంగా ఆలోచించమని అడిగే ప్రశ్నకు కూడా కంఠస్థం చేసిన జవాబునే పిల్లల చేతిలో పెట్టాం. ఆంధ్రప్రదేశ్‌లో ఆ తరువాత పాఠ్యపుస్తకాలు మారినా ఈ అలవాటు మారలేదు.

పరీక్ష గదిలో జరిగేది ఇది. ప్రశ్నపత్రంలో ఆటస్థలం కావాలని ప్రధానోపాధ్యాయుడికి ఉత్తరం రాయమని ఉంటుంది. పిల్లవాడికి వచ్చింది గ్రంథాలయం కావాలన్న ఉత్తరం. గ్రంథాలయం అన్న చోట ఆటస్థలం అని మార్చుకుంటూ పోతాడు. మూడో వాక్యానికల్లా ఆటస్థలంలో మంచి మంచి పుస్తకాలు లేవని రాసేస్తాడు. లేదా మధ్యలో ఒక వాక్యం మరచిపోతాడు, ఆ తరువాతి వాక్యం కూడా గుర్తుకు రాదు, ఎందుకంటే ఒకదాన్ని పట్టుకునే మరొకటి గుర్తుంటుంది. తెగిన చోట తన సొంత వాక్యం ఒకటి వేసి ముందుకు సాగే శక్తి వాడికి ఎవరూ ఇవ్వలేదు. స్పాట్ వాల్యుయేషన్‌లో జవాబు పత్రాలు దిద్దడానికి కూర్చున్న ఏ ఇంగ్లీషు ఉపాధ్యాయుడినైనా అడగండి. ‘ఐ యామ్ ఫైన్ హియర్, హోప్ యు ఆర్ ఆల్సో ద సేమ్’ అన్న వాక్యంతో కట్టలు కట్టలుగా పేపర్లు వస్తాయి. తేదీ, చిరునామా, సంబోధన సరిగా ఉన్నందుకు రావలసిన మార్కులు వస్తాయి. అసలు విషయం దగ్గరకు వచ్చేసరికి వేయడానికి అక్కడ ఏమీ ఉండదు.

తెలుగు ఇంట్లో పెరిగిన పిల్లలకు ఇంగ్లీషు రాతలో అసలు చిక్కు వాక్యం దగ్గర ఉంది, ఉత్తరం నమూనా దగ్గర కాదు. తెలుగులో ‘మా నాన్న రైతు’ అంటే వాక్యం పూర్తయినట్టే, క్రియాపదం అవసరం లేదు. అందుకే పిల్లలు ‘మై ఫాదర్ ఫార్మర్’ అని రాసి ఊరుకుంటారు. ‘వెళ్తున్నాను’ అన్న ఒక్క మాటలోనే వెళ్లేది నేనని తెలిసిపోతుంది కాబట్టి ఇంగ్లీషులోనూ కర్తను వదిలేస్తారు. వీటికంటే పెద్ద చిక్కు అసమాపక క్రియలది. ‘పొద్దున్నే లేచి, స్నానం చేసి, అన్నం తిని, బడికి వచ్చాను’ అని మనం ఎన్ని పనులనైనా ఒకే దారానికి గుచ్చి చివర ఒక్క క్రియతో ముడి వేస్తాం. అదే అల్లికను ఇంగ్లీషులోకి తీసుకుపోయిన పిల్లవాడు ఏ క్రియకు ఏ రూపం వేయాలో తెలియక అన్నింటికీ ‘ఇంగ్’ తగిలిస్తాడు. ఇది వాడి తెలివితక్కువతనం కాదు. తన భాష తనకు బాగా వచ్చినందువల్ల వచ్చిన ఇబ్బంది. దీన్ని తరగతిలో తెలుగులోనే వివరించాలని నా గట్టి అభిప్రాయం. ఆ పొడుగు తెలుగు వాక్యాన్ని బోర్డు మీద రాసి, అందులో ఎన్ని పనులు ఉన్నాయో పిల్లల చేతనే లెక్క పెట్టించి, ఒక్కో పనికి ఒక్కో చిన్న ఇంగ్లీషు వాక్యం కర్తతో సహా రాయించి, ఆ తరువాతే వాటిని కలపడం నేర్పితే తొమ్మిదో తరగతి పిల్లలు కొద్ది వారాల్లో దారిన పడతారు. ఇంగ్లీషు పీరియడ్‌లో తెలుగు వినబడితే తప్పుగా చూసే బడుల్లో ఈ పని జరగదు, అందుకే అక్కడి పిల్లలు కూడా ఇవే పొరపాట్లు చేస్తుంటారు.

వాక్యం చేతికి రావాలంటే రోజూ రాయాలి, తన గురించి రాయాలి. రోజుకు ఐదు వాక్యాలు చాలు. అయితే ‘రోజూ ఏం చేస్తావు’ అని అడగకూడదు. అడిగితే ఆరు గంటలకు లేస్తాను, పళ్లు తోముకుంటాను అన్న పాత వాక్యాలే వస్తాయి. ‘నిన్న మాత్రమే జరిగినది, అంతకు ముందు రోజు జరగనిది రాయి’ అని అడగాలి. అలా అడిగినప్పుడు మా తరగతిలో ఒక పిల్లవాడు, రాత్రి వాన వచ్చిందని, కల్లంలో ఎండబోసిన మిరపకాయల మీద పట్టా కప్పేలోపే సగం తడిసిపోయాయని, వాళ్లమ్మ ఏడ్చిందని రాశాడు. ‘అవర్ మిర్చి గాట్ వెట్. మై మదర్ క్రైడ్.’ రెండు చిన్న వాక్యాలు, ఒక్క తప్పు లేదు. డైరీ రాయమని పరీక్షలో అడిగితే ఆ పిల్లవాడికి గైడు ఎందుకు? పట్టాను ఇంగ్లీషులో ఏమంటారని వాడే వచ్చి అడిగాడు. అక్కరపడి అడిగి నేర్చుకున్న మాటకు, జాబితాలో చూసి వల్లెవేసిన మాటకు చాలా తేడా ఉంటుంది.

రాసినదాన్ని దిద్దడంలోనూ మన తీరు మారాలి. పేజీ నిండా ఎర్ర సిరా చూసిన పిల్లలు మరుసటి రోజు రెండే వాక్యాలు రాస్తారు, తప్పులు తగ్గాలంటే రాయడం తగ్గించుకోవడమే మార్గమని వాళ్లకు తోస్తుంది కనుక. వారానికి ఒకే రకం తప్పును దిద్దితే సరిపోతుంది: ఒక వారం భూతకాల క్రియలు, మరో వారం ‘హి’, ‘షి’ల తరువాత క్రియకు చేరవలసిన ‘ఎస్’, ఇంకో వారం కర్త లేని వాక్యాలు. మిగిలిన తప్పులను ఆ వారానికి చూసీచూడనట్టు వదిలేయాలి. దిద్దిన తరువాత అదే పేరాను పిల్లలు మళ్లీ రాయాలి. మన బడుల్లో పూర్తిగా కొరవడినది ఈ తిరగరాతే. నోటుబుక్కులో టిక్కు పడి సంతకం అయ్యాక ఆ పేజీని మళ్లీ ఎవరూ తిప్పరు, అందుచేత జూన్‌లో చేసిన తప్పే మార్చిలోనూ చేస్తారు. తరగతిలో ఎక్కువమంది ఉన్నప్పుడు ఇది కష్టమన్నది నిజమే. రోజుకు కొద్దిమంది పుస్తకాలు మాత్రమే చూసి, మిగిలినవారు ఒకరి రాత ఒకరు చదివి ఆ వారపు తప్పును గుర్తించేలా చేయవచ్చు. ఏడాది మధ్యలో బడిలోనే జరిపే నిర్మాణాత్మక మూల్యాంకనంలో రాత పనులకు, ప్రాజెక్టు పనులకు మార్కులు పెట్టినది ఇలాంటి అభ్యాసం కోసమే. ఆ పుటలను గైడులోంచి ఎత్తి రాసి నింపుతున్నారని తెలిసి కూడా మనం మార్కులు వేస్తున్నాం. ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధించే విషయం.

ఉత్తరం సంగతికి వస్తే, దాని నమూనా నేర్పడానికి ఒక పీరియడ్ చాలు. మిగతా సమయమంతా విషయం మీద పెట్టాలి. ఆర్టీసీ డిపో మేనేజరుకు బస్సు గురించి ఉత్తరం రాయాలనుకుందాం. ఏ బస్సు, ఎప్పటి నుంచి రావడం లేదు, దానివల్ల ఎవరికి ఏ ఇబ్బంది కలిగింది, మనం ఏం చేయమని అడుగుతున్నాం అన్న నాలుగు ప్రశ్నల మీద పిల్లలను ముందు తెలుగులోనే మాట్లాడనివ్వాలి. బస్సులో బడికి వచ్చే పిల్లలకు దీని గురించి చెప్పడానికి బోలెడంత ఉంటుంది. ఆ మాటలను పాయింట్లుగా రాసుకుని చిన్న వాక్యాల్లో పెడితే అది నిజమైన విన్నపం అవుతుంది. దస్తూరి చదవగలిగేలా ఉంటే చాలు, దాని మీద అంతకు మించి సమయం ఖర్చు చేయవద్దు.

వెనుకబడిన పిల్లల విషయంలో మనం చేస్తున్నది నాకు మరీ అన్యాయంగా కనిపిస్తుంది. 35 మార్కులు వస్తే గట్టెక్కుతారని వాళ్ల చేతికి పాస్ మార్కులకు సరిపడా జవాబులున్న మినిమం మెటీరియల్ ఇచ్చి, ఆరు మాటల వాక్యం సొంతంగా రాయలేని పిల్లల చేత ఇరవై మాటల వాక్యాలను, అర్థం చెప్పకుండానే, ప్రత్యేక తరగతుల్లో పొద్దునా సాయంత్రమూ వల్లె వేయిస్తున్నాం. అదే సమయంలో పట్టికలోనో, గ్రాఫులోనో ఉన్న సమాచారాన్ని పేరాగా మార్చడం నేర్పవచ్చు. జీవిత చిత్రణలో పుట్టిన తేదీ, ఊరు, చదువు, సాధించిన విజయాలు ప్రశ్నలోనే ఇస్తారు. ఒక్కో దానికి ఒక్కో వాక్యం కట్టడం వస్తే చాలు. ఇందులో గుర్తు పెట్టుకోవలసినది ఏమీ లేదు కనుక బలహీనమైన పిల్లలకు దీనికంటే నమ్మకమైన మార్కులు ఎక్కడా దొరకవు.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రశ్నపత్రం చదువుకోవడానికే 15 నిమిషాలు అదనంగా ఇస్తున్నారు. ఆ సమయంలో రచనా ప్రశ్నలను ముందుగా చదివి, ఎవరు ఎవరికి ఎందుకు రాస్తున్నారో మనసులో తేల్చుకోవడం పిల్లలకు అలవాటు చేయాలి. ఇది కూడా పరీక్ష రోజున చెబితే రాదు, ఏడాది పొడవునా చేయించాలి.

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతుల్లో ఇంగ్లీషు మాధ్యమం మొదలైంది. ఆ పిల్లలు సైన్సులో, సాంఘిక శాస్త్రంలో కూడా జవాబులను ఇంగ్లీషులోనే రాయాలి. వాక్యం కట్టడం రాకపోతే అన్ని సబ్జెక్టులనూ ఇలాగే బట్టీ పడతారు. అందుకే వచ్చే జూన్‌లో టైమ్‌టేబుల్ వేసేటప్పుడు ఎనిమిదో తరగతి నుంచే వారానికి ఒక ఇంగ్లీషు పీరియడ్‌ను దిద్దిన పేరాలను తిరగరాయడానికి కేటాయించమని మా ప్రధానోపాధ్యాయులను అడగబోతున్నాను. మీరు టీచరైతే మీ బడిలో అడగండి. తల్లిదండ్రులైతే ఈ రాత్రి ఆ పీడీఎఫ్‌ను మరొకరికి పంపకుండా, మీ అబ్బాయినో అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకుని నిన్న జరిగినదాని గురించి ఐదు వాక్యాలు రాయించి చదివించుకోండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. ఏం రాశావో తెలుగులో చెప్పమంటే, అది తన సొంత రాతో కాదో మీకే తెలిసిపోతుంది.