గుమ్మం దగ్గరి పట్టు

1996 ఏప్రిల్ 22న పరాగ్వే అధ్యక్షుడు హువాన్ కార్లోస్ వాస్మోసీ తన సైన్యాధిపతి లీనో ఒవియేదోను పదవి నుంచి తప్పుకోమన్నారు. ఒవియేదో ససేమిరా అన్నారు. పైగా దిగిపోవాల్సింది అధ్యక్షుడేనని ఎదురు తిరిగారు. ఆ రాత్రి దేశాధ్యక్షుడే అమెరికా రాయబారి దగ్గర తలదాచుకోవాల్సి వచ్చింది. స్ట్రోస్నర్ 35 ఏళ్ల నియంతృత్వం ముగిసి అప్పటికి ఏడేళ్లే అయింది. మళ్లీ సైనిక పాలన వస్తుందేమోనని జనం టెన్షన్ పడుతున్న ఆ గంటల్లో బ్రెజిల్, అర్జెంటీనా, ఉరుగ్వే కలిసికట్టుగా నిలబడ్డాయి. ఎన్నికైన అధ్యక్షుణ్ణి దించితే మెర్కోసూర్ వాణిజ్య కూటమిలో పరాగ్వేకు చోటుండదన్న సంకేతం పంపాయి. వీధుల్లోకి వచ్చిన యువత ఒకవైపు, ఈ పొరుగు దేశాలు మరోవైపు నిలవడంతో ఒవియేదో కొద్ది రోజుల్లోనే సైన్యాధిపత్యం వదులుకోక తప్పలేదు. రక్షణ మంత్రి పదవి ఇస్తామన్న మాట కూడా జనాగ్రహం చూసి ప్రభుత్వం వెనక్కి తీసుకుంది.

సుంకాలు తగ్గించుకోవడానికి 1991లో పుట్టిన ఒక కూటమి ఒక దేశంలో ఓటు విలువను కాపాడగలిగింది. ఇది యాదృచ్ఛికం కాదని, దీని వెనక ఒక తీరు ఉందని చూపించిన రాజనీతి శాస్త్రవేత్తల్లో జాన్ పెవ్‌హౌస్ ముఖ్యుడు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పనిచేసే ఆయన ప్రాంతీయ సంస్థలకూ, ప్రజాస్వామ్యం వేళ్లూనుకోవడానికీ మధ్య సంబంధం మీద 2005లో పుస్తకం వెలువరించారు. అన్ని సంస్థలూ ఒకటి కావని ఆయన తేల్చారు. సభ్యుల్లో ఎక్కువమంది ప్రజాస్వామ్య దేశాలైతేనే ఆ సంస్థ కొత్త సభ్యుణ్ణి ఆ దారిలోకి తేగలదు, అక్కడ నిలబెట్టగలదు. నియంతలు కూడిన కూటమి నియంతకే అండగా నిలుస్తుంది. 2011 మార్చిలో బహ్రెయిన్‌లో జనం వీధుల్లోకి వచ్చినప్పుడు గల్ఫ్ రాచరికాల కూటమి అయిన గల్ఫ్ సహకార మండలి ఏం చేసిందో ప్రపంచమంతా చూసింది. రాజును నిలబెట్టడానికి పొరుగు దేశాల బలగాలు వంతెన దాటి వచ్చాయి.

పరాగ్వే పొరుగువారి సంగతి వేరు. అర్జెంటీనాలో సైనిక పాలన ముగిసింది 1983లో. బ్రెజిల్, ఉరుగ్వేలలో 1985లో. సైన్యం బారకాసులు దాటి వస్తే ఏమవుతుందో ఆ దేశాలకు స్వానుభవం. పక్కింట్లో అంటుకున్న నిప్పు తమ ఇంటికీ వస్తుందన్న భయంతోనే అవి అంత వేగంగా కదిలాయని మేం భావిస్తున్నాం. 1998లో అర్జెంటీనాలోని ఉషుయాయాలో మెర్కోసూర్ దేశాలు సంతకాలు చేసిన ఒప్పందంలో ప్రజాస్వామ్యం తప్పిన సభ్యుణ్ణి పక్కన పెట్టే నియమం రాసుకున్నది కూడా ఆ అనుభవం నుంచే.

నియంతృత్వం నుంచి అప్పుడే బయటపడిన దేశాలు అంతర్జాతీయ సంస్థల్లో చేరడానికి మిగతావాటికంటే ఎక్కువ మొగ్గు చూపుతాయని పెవ్‌హౌస్, ఎడ్వర్డ్ మాన్స్‌ఫీల్డ్ 2006లో కలిసి రాసిన పరిశోధనలో చూపారు. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. కొత్త ప్రభుత్వం ఎన్ని మంచి మాటలు చెప్పినా, రేపు సైన్యం మళ్లీ వస్తే ఏమిటని పెట్టుబడి పెట్టేవాడు జంకుతాడు. నిన్నటి పాలకవర్గం అదను కోసం చూస్తూ ఉంటుంది. ఆ స్థితిలో ప్రభుత్వం తన మాటకు బయటివారిని పూచీదారుగా పెట్టుకుంటుంది. మాట తప్పితే సభ్యత్వం పోతుంది, దానితో వచ్చిన మార్కెట్టూ పోతుంది. తన చేతులకు తానే వేసుకునే కట్టు అది.

వాణిజ్య ఒప్పందాల సంగతీ ఇలాంటిదే. మాన్స్‌ఫీల్డ్, హెలెన్ మిల్నర్, పీటర్ రోసెండార్ఫ్ 2002లో ప్రచురించిన వ్యాసంలో ఒక ముఖ్యమైన ప్రశ్న వేసుకున్నారు. నియంతృత్వాలకంటే ప్రజాస్వామ్య దేశాలే ఎక్కువగా వాణిజ్య ఒప్పందాలు ఎందుకు చేసుకుంటాయి? వారి జవాబు ఓటరు దగ్గర మొదలవుతుంది. ధరలు పెరిగాయి, పనులు పోయాయి అనుకుందాం. ప్రపంచమంతా మాంద్యం వచ్చినందువల్లా, లేక తమ నాయకుడు ఎవరో కొందరు పారిశ్రామికవేత్తల కోసం సుంకాలు పెంచినందువల్లా? మామూలు ఓటరుకు తేల్చుకునే దారి లేదు. నాయకుడు ఏ తప్పూ చేయకపోయినా కోపం కొద్దీ ఓడించేస్తాడు. ఒప్పందం ఉంటే కథ మారుతుంది. నాయకుడు గుట్టుగా సుంకం పెంచిన మరుక్షణం అవతలి దేశం గోల పెడుతుంది. గోల లేదంటే తప్పు నాయకుడిది కాదని ఓటరు నమ్మొచ్చు. అందుకే ఎన్నికలకు భయపడే నాయకుడికి ఒప్పందం కావాలి. నియంతకు ఆ భయం తక్కువ కాబట్టి ఆ అవసరమూ తక్కువే. వాణిజ్య ఒప్పందమంటే పెద్ద కంపెనీల వ్యవహారమని తీసిపారేసేవారు దీన్నొకసారి ఆలోచించాలి. సరిగ్గా రాసుకుంటే అది జనం చేతిలోని సమాచారం.

అయితే ఈ బలం ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు చచ్చుబడుతుంది? చరిత్రలో మాకు కనిపిస్తున్నది ఒకటే. దేశం గుమ్మం బయట నిలబడి ఉన్నంతసేపే సంస్థకు దానిమీద గట్టి పట్టు ఉంటుంది. స్లొవాకియాను చూడండి. వ్లాదిమీర్ మెచియార్ పాలనలో ప్రతిపక్షాన్ని, పత్రికలను అణగదొక్కుతున్న ఆ దేశాన్ని 1997లో యూరోపియన్ యూనియన్ చర్చలకు పిలవలేదు. దరఖాస్తు చేసిన దేశాలన్నిటిలోనూ రాజకీయ అర్హత లేనిది ఇదొక్కటేనని యూనియన్ కార్యనిర్వాహక విభాగమైన కమిషన్ ముఖం మీదే చెప్పింది. పక్కనున్న చెక్ రిపబ్లిక్, పోలండ్, హంగరీలకు పిలుపు వచ్చి తమకు రాకపోవడం స్లొవాక్ ఓటర్లకు కొట్టొచ్చినట్టు కనిపించింది. 1998 సెప్టెంబర్ ఎన్నికల తర్వాత మెచియార్ ప్రభుత్వం ఏర్పాటు చేయలేకపోయారు. 2004 మే 1న స్లొవాకియా కూడా యూనియన్‌లో అడుగుపెట్టింది.

అదే రోజు అడుగుపెట్టిన హంగరీ కథ ఇంకో రకం. అప్పుడు అన్ని పరీక్షలూ నెగ్గిన దేశమది. 2010లో విక్టర్ ఓర్బాన్ అధికారంలోకి వచ్చాక రాజ్యాంగం మారింది, కోర్టులు బలహీనపడ్డాయి, మీడియా పాలకపక్షం గుప్పిట్లోకి వెళ్లింది. ట్యాంకులు రోడ్డెక్కలేదు. అన్నీ పార్లమెంటులో ఓటింగ్‌తోనే జరిగాయి. విలువలు తప్పిన సభ్యుణ్ణి శిక్షించడానికి యూనియన్ ఒప్పందంలో ఉన్న ఏడో అధికరణ కింద యూరోపియన్ పార్లమెంటు చర్య మొదలుపెట్టేసరికి 2018 సెప్టెంబర్ వచ్చింది. ఓటు హక్కు తొలగించేదాకా వెళ్లాలంటే ముందు మిగతా సభ్యులందరూ ఏకగ్రీవంగా తప్పు జరిగిందని తేల్చాలి. అప్పట్లో అలాంటి చర్యనే ఎదుర్కొంటున్న పోలండ్ హంగరీకి, హంగరీ పోలండ్‌కు అడ్డం నిలిచాయి. ఇద్దరు తోడైతే ఆ అధికరణ కాగితానికే పరిమితం. 2022 డిసెంబర్‌లో సుమారు 630 కోట్ల యూరోల నిధులు ఆపినప్పుడు గానీ హంగరీ ప్రభుత్వానికి సెగ తగల్లేదు. పన్నెండేళ్ల ఆలస్యం! చేరేటప్పుడు అంత కఠినంగా ఉన్న సంస్థ, చేరాక ఇంత మెత్తబడడాన్ని మేం ఒప్పుకోలేం.

నియమం ఉన్నా దాన్ని వాడే చేతులు నిజాయితీగా లేకపోతే ఇంకా ప్రమాదం. 2012 జూన్‌లో పరాగ్వే సెనేట్ అధ్యక్షుడు ఫెర్నాండో లూగోను రెండు రోజుల్లో విచారణ ముగించి తొలగించింది. ఆ తొందర తప్పే. మెర్కోసూర్ పరాగ్వేను సస్పెండ్ చేయడాన్నీ తప్పుపట్టలేం. కానీ వెనిజులా సభ్యత్వానికి అప్పటిదాకా అడ్డుపడింది ఆ పరాగ్వే సెనేటే. పరాగ్వే బయట ఉన్న కొద్ది వారాల్లోనే వెనిజులాను లోపలికి తీసుకున్నారు. ఐదేళ్లకు, 2017లో, వెనిజులానే అదే ప్రజాస్వామ్య నియమం కింద సస్పెండ్ చేయాల్సి వచ్చింది.

అన్నిటికంటే బాధ కలిగించేది పశ్చిమ ఆఫ్రికా. అక్కడి ఎకోవాస్ కూటమి సైనిక కుట్రల విషయంలో మొహమాటపడదు. 2023 జూలైలో నైజర్‌లో సైన్యం అధికారం లాక్కోగానే సరిహద్దులు మూసేసింది, లావాదేవీలు ఆపేసింది. నైజీరియా కరెంటు కట్ చేసింది. జనరల్స్ ఇళ్లలో దీపాలు ఆరలేదు, బాధపడ్డది బీదజనం. చివరకు 2024 ఫిబ్రవరిలో ఆంక్షలు చాలావరకు ఎత్తేయక తప్పలేదు. 2025 జనవరి 29న మాలి, బుర్కినా ఫాసో, నైజర్ కూటమినే వదిలి వెళ్లిపోయాయి.

ఎకోవాస్ మాటకు అక్కడి జనంలో విలువ ఎందుకు పోయింది? గినీలో అల్ఫా కొండే 2020లో రాజ్యాంగాన్ని మార్చి మూడోసారి గద్దెనెక్కినప్పుడు కూటమి ఆయన్ను ఆపలేదు. మరుసటి ఏడాది సైన్యం ఆయన్ను దించగానే మాత్రం సస్పెన్షన్ ప్రకటించింది. అధ్యక్షుడు రాజ్యాంగాన్ని చెరిపితే ఊరుకుని, సైనికుడు అధ్యక్షుణ్ణి దించితే ఉరిమే సంస్థను ఏ ఓటరు తనదనుకుంటాడు? రెండూ ఓటును కాజేయడమే. రెండిటికీ ఒకే శిక్ష ఉండాలన్నది మా నిశ్చితాభిప్రాయం. ఆ శిక్ష కూడా పాలకుల ఖాతాల మీద, ప్రయాణాల మీద, సంస్థలో వారి కుర్చీ మీద పడాలి. ఊళ్ల కరెంటు మీద కాదు. ఏకగ్రీవం అనే గొళ్లెం తీసేసి, దోషికి తోడుదొంగ ఓటు అడ్డుపడకుండా చూడాలి.

2015 మేలో ఘనా రాజధాని అక్రాలో సమావేశమైనప్పుడు ఎకోవాస్ ముందు ఒక ప్రతిపాదన ఉంది. సభ్య దేశాల్లో ఏ అధ్యక్షుడూ రెండు విడతలకు మించి ఉండకూడదన్నది దాని సారాంశం. టోగో, గాంబియా వ్యతిరేకించడంతో దాన్ని పక్కన పెట్టేశారు. ఆ ప్రతిపాదనను మళ్లీ బల్ల మీదికి తేవాలి. అప్పుడు అడ్డుపడిన గాంబియా అధ్యక్షుడు యాహ్యా జమ్మే 2016 డిసెంబర్ ఎన్నికల్లో ఓడి, ఫలితాన్ని ఒప్పుకోనని మొండికేశారు. 22 ఏళ్లుగా కదలని ఆయన్ను 2017 జనవరిలో దేశం దాటించడానికి అదే ఎకోవాస్ సైన్యాన్ని పంపాల్సి వచ్చింది.