సవరణ: కేహెచ్‌ఎల్ పాయింట్లు, ఎన్‌హెచ్‌ఎల్ అంచనా

రష్యా ఐస్ హాకీ లీగ్ కేహెచ్‌ఎల్‌లో చేసే పాయింట్లలో (గోల్స్, గోల్‌కు అందించిన పాస్‌లు కలిపి) సుమారు ముప్పావు వంతు ఉత్తర అమెరికా లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లోనూ వస్తాయని గత పోస్టులో ఉంది. దాన్ని మ్యాచ్‌కు సగటుగా, అదీ చాలామంది ఆటగాళ్లను కలిపి చూసిన లెక్కగానే తీసుకోవాలి. ఒక్క ఆటగాడి జాతకం అందులో దొరకదు.

రష్యా ఆటగాడు పనారిన్ 2014-15లో కేహెచ్‌ఎల్ జట్టు ఎస్‌కేఏకి 54 మ్యాచ్‌ల్లో 62 పాయింట్లు చేశాడు. మరుసటి ఏడాది ఎన్‌హెచ్‌ఎల్ జట్టు చికాగోలో 80 మ్యాచ్‌ల్లో 77. పక్కన స్టార్ ఆటగాడు పాట్రిక్ కేన్ ఉన్నాడన్నది మరవొద్దు! అదే ఎస్‌కేఏలో షిపచ్యోవ్ 2016-17లో 50 మ్యాచ్‌ల్లో 76 చేశాడు. ఆ తర్వాత ఎన్‌హెచ్‌ఎల్ జట్టు వేగస్‌లో ఆడింది మూడే మ్యాచ్‌లు, ఒక్క గోల్. మైనర్ లీగ్‌కు పంపడంతో రష్యాకు వెళ్లిపోయాడు. ఇలాంటివాళ్లు సగటులో దాదాపు కనిపించరు, అందుకే ఆ నిష్పత్తి కాస్త ఉదారంగా ఉంటుంది.

రింకు (ఆడే మంచు మైదానం) తేడా కూడా ఉంది: యూరప్‌లో వెడల్పు సంప్రదాయంగా 30 మీటర్లు, ఎన్‌హెచ్‌ఎల్‌లో సుమారు 26.