మందు సీసా, కథల పుస్తకం

(చెన్నై, మైలాపూరు. అక్క రిటైరైన లైబ్రేరియన్. తమ్ముడు సర్వీసంతా మెడికల్ రెప్పు. శనివారం అపార్ట్‌మెంటు హాల్లో అక్క ప్రసంగం. కాగితాలు తమ్ముడి చేతిలో పడ్డాయి, అదే వచ్చిన తంటా.)

తమ్ముడు: "తొలినాటి ప్రచురణకర్తలు లాభాపేక్ష లేక పిల్లలకూ స్త్రీలకూ సాహిత్యసేవ చేసిరి." చేసిరట! ఎవరే అక్కా ఆ మహానుభావులు?

అక్క: జాన్ న్యూబెరీ. లండన్లో సెయింట్ పాల్ చర్చి పక్కన కొట్టు. 1744లో పిల్లలకో బుల్లి పుస్తకం వేశాడు. వెల ఆరు పెన్నీలు. ఎనిమిదిస్తే మగపిల్లాడికి బంతి, ఆడపిల్లకి గుండుసూదులు గుచ్చుకునే దిండు.

తమ్ముడు: ఫ్రీ గిఫ్టు!

అక్క: రెండు పెన్నీలు ఎక్కువ తీసుకుంటే ఫ్రీ ఎలా అవుతుందిరా? ఆ బంతి ఓ పక్క ఎరుపు, ఓ పక్క నలుపు. దాంతో పది సూదులు. మంచి పని చేస్తే ఎర్రవైపు గుచ్చాలి, చెడ్డ పనికి నల్లవైపు. పదీ ఎర్రవైపు చేరితే ఒక పెన్నీ, నల్లవైపు చేరితే బెత్తం పంపిస్తానని పుస్తకంలో ఉత్తరం ఉంటుంది.

తమ్ముడు: అచ్చం మా నెలవారీ టార్గెట్టే. మరి ఈయనకి డబ్బెక్కణ్ణించి వచ్చింది?

అక్క: (చూపు తప్పించి) పుస్తకాలమ్మి.

తమ్ముడు: ఈ మార్జిన్లో నీ దస్తూరీతో "జేమ్స్ పొడి" అని పెన్సిల్‌తో రాసుంది. కొట్టేశావు కూడా. ఏమిటది?

అక్క: జ్వరం మందు. అమ్మకంలో ఆయనకీ వాటా ఉంది. అయితే ఏం?

తమ్ముడు: అయితే ఏమా! కింద ఇంకోటి. 1765లో వేసిన రెండు చెప్పుల అమ్మాయి కథ. ఆ పిల్ల తండ్రి జ్వరమొచ్చి పోయాడు. ఎందుకు పోయాడటా?

అక్క: ...జేమ్స్ పొడి దొరకని ఊళ్లో జ్వరమొచ్చింది గనక.

తమ్ముడు: అబ్బ! నీతికథ మొదట్లోనే మందు ప్రకటన! నాకలాంటి రచయిత ఒక్కడు దొరికితే జోనల్ మేనేజర్నయ్యేవాణ్ణి.

అక్క: నీకు మందుల గొడవ తప్ప వేరే పట్టదు. ఆడవాళ్ల నవలల సంగతి చూడు. లండన్లో విలియం లేన్, ఆయన నవలల ప్రచురణ సంస్థ మినర్వా ప్రెస్. కోళ్లమ్మేవాడి కొడుకు. చాలా నవలలు ఆడవాళ్లు రాసినవే, పేరు లేకుండా "ఒక స్త్రీ రచించినది" అని వేసేవాళ్లు. మందూ లేదు, మాకూ లేదు.

తమ్ముడు: మరి ఆనాటి నవలలు చాలావరకు మూడేసి భాగాలెందుకు? కథ అంత పెద్దదా?

అక్క: కాదు. అద్దె లైబ్రరీల కోసం. మూడు ముక్కలు చేస్తే ఒకే నవలని ఒకేసారి ముగ్గురికివ్వొచ్చు. తరవాత్తరవాత మ్యూడీ అనే పెద్ద అద్దె లైబ్రరీలో ఏడాదికి గిన్నీ, అంటే పౌనుకి కాస్త ఎక్కువ, కడితే ఒకసారికి ఒక్క భాగమే. నవల కొనాలంటే గిన్నీన్నర. ఎవరు కొంటారు? అద్దెకే తెచ్చుకునేవారు.

తమ్ముడు: రెండో భాగం పట్టుకెళ్లినావిడ తిరిగివ్వకపోతే?

అక్క: మొదటి భాగం ముగించినావిడ వచ్చి కౌంటరు దగ్గర నా ప్రాణం తీస్తుంది. (తమాయించుకుని) వాళ్ల ప్రాణం. పబ్లిషరుకి ఇంకో చిక్కు. కథ చాలకపోతే మార్జిన్లు వెడల్పు చేసి, అక్షరాలు పెద్దవి వేసి మూడు భాగాలకీ సాగదీయాలి. 1894లో లైబ్రరీలే ఈ పద్ధతి మాకొద్దన్నాయి. దాంతో మూడు భాగాల నవల మూలబడింది.

తమ్ముడు: సరే, మన మద్రాసుకి రా. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం. 1908లో అక్కడే ఆంధ్రపత్రిక. 1914లో మద్రాసొచ్చి దినపత్రిక. 1926లో పుస్తకాలు వేయడానికి ఆంధ్ర గ్రంథమాల. ఏది ముందో చెప్పు?

అక్క: ...అమృతాంజనం.

తమ్ముడు: సంగీత కచేరీల్లో ఊరికే పంచారు కూడా. శాంపిలింగు! మరి ఆడవాళ్ల పత్రిక గృహలక్ష్మి?

అక్క: 1928లో డాక్టర్ కె.ఎన్. కేసరి పెట్టారు. కనుపర్తి వరలక్ష్మమ్మ గారి శారద లేఖలు వచ్చిందందులోనే. 1934లో గృహలక్ష్మి ఇచ్చిన మొదటి స్వర్ణకంకణం ఆవిడకే.

తమ్ముడు: బంగారం ఎక్కడిది?

అక్క: (గొంతు తగ్గించి) లోధ్ర.

తమ్ముడు: వినబళ్లేదు.

అక్క: లోధ్ర! ఆడవాళ్ల మందు! చాలా?

తమ్ముడు: లెక్క చూడు మరి. పుస్తకం ఒకరు కొంటే ఇంటిల్లిపాదీ చదివి పక్కింటికిస్తారు, మళ్లీ కొనరు. మందు సీసా ఖాళీ అయితే కొత్తది కొనాల్సిందే. ప్రెస్సువాడు అరువివ్వడు, కంపోజిటరు జీతం ఆగదు, ఏజెంట్లు మాత్రం అమ్మిన డబ్బు ఆర్నెల్లకి పంపుతారు. ఆ మధ్యలో ఇల్లు గడిపేది సీసాయే. పైగా పత్రికలో ఖాళీ ఉంటే సొంత మందు ప్రకటన, పైసా ఖర్చు లేదు.

అక్క: సంపాదన మందుది కావచ్చు. దాన్ని నగలమీద పెట్టక పుస్తకాలమీద పెట్టారే, అదీ గొప్ప. నువ్వు ఇన్నేళ్లమ్మావు, ఒక్క పుస్తకం వేశావా?

తమ్ముడు: వేసినా నువ్వు కొనవు, అడిగి పట్టుకెళ్తావు.

అక్క: సరే, నీ జేమ్స్ పొడి మహిమ పూర్తిగా విను. న్యూబెరీకి గోల్డ్‌స్మిత్ అనే రచయిత ఉండేవాడు. 1774లో జ్వరమొస్తే ఆ పొడే కావాలని పట్టుబట్టాడు. వైద్యుడు వద్దు మొర్రో అన్నా వినలేదు. పోయాడు.

తమ్ముడు: (క్షణం ఆలోచించి) వైద్యుడు వద్దన్నాడన్నమాట.

అక్క: అవును.

తమ్ముడు: అయితే కంపెనీ పూచీ లేదు.