సవరణ: బూజు పట్టిన వేరుశనగ చెక్క, చూడి కుందేళ్లు

చిత్తూరు, తిరుపతి వైపు కుందేళ్లు పెంచేవారి కోసం రాసిన గత పోస్టులో, బూజు పట్టిన వేరుశనగ చెక్కను (గింజల నుంచి నూనె తీశాక మిగిలేది) బాగా ఎండబెట్టి మేతలో కలపొచ్చని ఉంది. ఆ మాట తీసేశాను. దయచేసి అలా పెట్టకండి.

ఎండకు బూజు చచ్చినా, అది వదిలిన అఫ్లాటాక్సిన్ అనే విషం చాలావరకు చెక్కలోనే ఉండిపోతుంది. ఉడకబెట్టినా పూర్తిగా పోదు. ఈ విషాన్ని కుందేలు అసలు తట్టుకోలేదు. కాలేయం దెబ్బతిని మేత తగ్గిస్తుంది. మగవాటిలో వీర్యం నాణ్యత పడిపోతుంది. చూడి కాలం సుమారు 31 రోజులే కాబట్టి, ఆ కొద్దిరోజుల్లో తల్లి తిన్నది కడుపులోని పిల్లల ఎదుగుదలను దెబ్బతీయొచ్చు. ఈనాక పాలలోకీ కొంత దిగుతుంది. పిల్లలు వరసగా చనిపోతుంటే తల్లిని మార్చేముందు మేత సంచి చూడండి.

పైకి బూజు కనబడకపోయినా విషం ఉండొచ్చు. అనుమానమున్న చెక్కను ఆవులకూ పెట్టొద్దు.